కప్పల డోలు

కువైట్‌లోని సాల్మియాలో మామా మునీరా ఇంట్లో మగవాళ్ళు కూర్చునే దివానియా గదిలో, కిటికీ పక్కన పాత కంచు డోలు ఒకటి ఉండేది. మోకాలెత్తు ఉంటుంది. పైన బల్లపరుపు, నడుము సన్నం, కింద మళ్ళీ వెడల్పు. అడుగు లేదు, బోలు. తోలన్నది ఎక్కడా లేదు, మొత్తం కంచే. ఎన్ని వందల ఏళ్ళదో గానీ ఒళ్ళంతా పచ్చటి చిలుము పట్టి ఉండేది. పై పలక నడిమధ్య సూర్యుడు, ఆయన చుట్టూ వలయాలుగా పొడుగు ముక్కుల కొంగలు, పడవల్లో తలకు ఈకలు చెక్కుకున్న మనుషులు. అంచు మీద నాలుగు కప్పలు, ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టు.

ఇంటి యజమానురాలిని పనివాళ్ళంతా మామా అనేవాళ్ళు, ఆమె భర్తను బాబా. ఆయన వ్యాపారం మీద హాంకాంగ్ పోయినప్పుడు ఒక ముసలి చీనా వర్తకుడి దగ్గర ఈ డోలు కొన్నాడు. దివానియాకు ఎవరొచ్చినా దీని కథ చెప్పందే కాఫీ తాగనిచ్చేవాడు కాదు. చీనా దేశానికి దక్షిణాన, కొండల్లో వరి పండించుకునే జాతులవట ఇలాంటి డోళ్ళు. వాన రాకపోతే తాళ్ళతో వేలాడదీసి మోగిస్తారు. ఒకడు కొడుతుంటే ఇంకొకడు వెనక నిలబడి కొయ్య బకెట్టును డోలు బోలులోకీ బయటికీ ఆడిస్తాడు, దాంతో మోత ఉబ్బి కొండ దాటిపోతుంది. కప్ప అరిస్తే వాన వస్తుంది కాబట్టి కప్పలు. డోలు ఎవడింట్లో ఉంటే వాడే ఊరికి పెద్ద, యుద్ధంలో దాన్ని పోగొట్టుకున్నవాడి మాట ఇక ఎవరూ వినరు. అందుకే శత్రువు వస్తున్నాడనగానే ముందు డోలును పాతిపెట్టేవాళ్ళు. పాతినవాళ్ళు పోయాక ఎప్పుడో మునిమనవళ్ళ నాగళ్ళకు తగిలి బయటపడ్డవి చాలా ఉన్నాయట. దాన్ని ఖాళీగా ఉంచకూడదనీ, లోపల ధాన్యం పోసి కట్టేసి ఉంచకపోతే లేచి ఏటికి పోయి నీళ్ళలోని మహాసర్పంతో కొట్లాడి వస్తుందనీ చెప్పేవాడు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయనకే ముందు నవ్వొచ్చేది.

కాఫీ అందిస్తూ ఈ కథంతా విని, వంటింట్లో సంజీవమ్మకు చేరవేసింది డ్రైవరు అన్వర్ బాషా. అతనిది రాయచోటి. ఆమెది లక్కిరెడ్డిపల్లె పక్కన ఒక పల్లె. భర్త పోయాక, బిడ్డ వెంకటేశ్వరిని అక్క దగ్గర వదిలి కువైట్ వచ్చింది. ఆ ఇంట్లో వంట ఆమెదే, డోలు తుడిచే పనీ ఆమెదే.

"ఎక్కడి చీనా, ఎక్కడి మనమురా బాషా!" అందామె కథ విని. "మా యప్ప కాలంలో మేమూ ఇంతే గదా. వాన రాకపోతే కప్పను పట్టి, తడి గుడ్డలో మూటగట్టి, రోకలికి కట్టి ఊరంతా తిప్పేవాళ్ళం. ఇంటింటి ఆడోళ్ళు కప్పతల్లి మీద నీళ్ళు పోసేవాళ్ళు."

"వచ్చేదా వాన?"

"ఒగోసారి వచ్చేది. ఒగోసారి కప్ప సచ్చేది."

బాబా చనిపోయి రెండేళ్ళయింది. ఆ వేసవిలో, 1990లో, కొడుకు ఫైసల్ భార్యాబిడ్డలతో లండన్ వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పులతో విమానం ఎక్కలేనని మామా ఇంట్లోనే ఉండిపోయింది. ఆగస్టు రెండో తేదీ పొద్దున రొట్టెల కోసం వెళ్ళిన అన్వర్ బాషా వట్టి చేతులతో తిరిగొచ్చాడు. సముద్రం ఒడ్డు రోడ్డు మీద ట్యాంకులు పోతున్నాయనీ, అవి కువైట్‌వి కావనీ, సద్దాంవనీ చెప్పాడు. మామా నమ్మలేదు. రేడియో పెట్టించుకుని వింది. విన్నాక రేడియో కట్టేయమంది.

మొదటి వారాలు ముగ్గురూ గుమ్మం దాటలేదు. తర్వాత ఇళ్ళ సోదాలు మొదలయ్యాయి. ఎదురింటి వాళ్ళు సౌదీకి పారిపోతే, సైనికులు లారీ పెట్టి పరుపులతో సహా ఎత్తుకుపోయారు. నేషనల్ మ్యూజియంలో సామాన్లు కూడా పెట్టెలకెత్తి బాగ్దాద్ పంపుతున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట విన్న రోజే మామా ఇద్దరినీ పిలిచింది.

"తబల్‌ను పాతిపెట్టండి," అంది. డోలును ఆమె అరబ్బీలో అట్లాగే పిలిచేది.

అన్వర్ బాషా సంజీవమ్మ వైపు చూసి తెలుగులో అన్నాడు: "బంగారు పాతమంటే అర్థముండాది. ఈ డోలును వాళ్ళేం జేసుకుంటారక్కా?"

"నన్నడిగితే నేనెవుర్ని అడగల్ల? ఏమంటాందో విను."

మామా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. "కార్పెట్లు తీసుకుపోనీ, ఇల్లు తీసుకుపోనీ, అవన్నీ కొనుక్కోవచ్చు. ఆయన పొద్దున లేవగానే ముందు దాని మీద చెయ్యి వేసేవాడు. తర్వాతే నన్ను పలకరించేవాడు," అంది.

ఎండకు వీధిలో పురుగు కూడా కదలని మధ్యాహ్నం చూసుకుని, వంటింటి వెనక పుదీనా మడిలో తవ్వారు. అన్వర్ బాషా పార వేస్తే సంజీవమ్మ మట్టి ఎత్తింది. డోలును తలకిందులు చేసి గుంతలో దించాక, బోలు పైకి తిరిగి పెద్ద కాగులా కనిపించింది. సంజీవమ్మ లోపలికి పోయి బియ్యం మూట తెచ్చింది.

"ఎట్లాగూ పాతేదే గదా. బియ్యం గూడా దీంట్లోనే దాపెడదాం. రేపు తిండిగింజలు గూడా ఎత్తుకపోతే ఏం తింటాం?"

ప్లాస్టిక్ సంచిలో బియ్యం పోసి, పైన పెద్ద పళ్ళెం మూసి మట్టి కప్పారు. పుదీనా మొక్కలు మళ్ళీ నాటారు గానీ ఆ ఎండకు సాయంత్రానికే తలలు వాల్చేశాయి.

ఆ వాడిన మొక్కలే వాళ్ళ కొంప ముంచాయి. సోదాకు సైనికులు వచ్చింది పొద్దున పూట. వాళ్ళ మీద ఒక కెప్టెన్, చేతిలో సన్నటి కర్ర పట్టుకున్న నడివయసు మనిషి. ఇల్లంతా చూసి వెనక్కి వచ్చాడు. పుదీనా మడి దగ్గర ఆగాడు. కర్ర మట్టిలో దింపితే టంగుమంది.

"ఆయుధాలు," అన్నాడు.

అంతే, ఇద్దరు సైనికులు అన్వర్ బాషాను గోడ దగ్గరికి ఈడ్చి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఒకడు తుపాకీ మొనను అతని మెడ మీద ఆనించాడు. అంతకు ముందు వారమే వెనక వీధిలో తుపాకులు దాచాడని ఒక కుర్రాణ్ణి తీసుకుపోయారు. వాడు తిరిగి రాలేదు. అన్వర్ బాషా పెదాలు కదులుతున్నాయి, కల్మా చదువుకుంటున్నాడు. వంటింటి గుమ్మం బయట కుర్చీలో కూర్చుని మామా చూస్తోంది.

మట్టి తీశారు. పళ్ళెం వచ్చింది, తర్వాత బియ్యం వచ్చింది. ఆ తర్వాత ఇద్దరు పట్టి లాగితే, ఒళ్ళంతా మట్టితో డోలు పైకి వచ్చింది. వెల్లకిలా పడేసరికి కప్పలు ఆకాశం వైపు చూశాయి. ఒక సైనికుడు కిసుక్కున నవ్వాడు. కెప్టెన్ నవ్వలేదు.

"ప్రభుత్వానికి చూపకుండా ఇంటి సొత్తు దాచారు. ఎవరిది ఇది?"

మామా నోరు తెరవబోయింది. ఆమె ఒప్పుకుంటే సొత్తు పోవడం ఒక్కటే కాదు, తవ్వినందుకు అన్వర్ బాషానూ తీసుకుపోతారు; తవ్వింది అతనేనని చేతుల మీది బొబ్బలే చెబుతున్నాయి. సంజీవమ్మ ఇదంతా కూర్చుని ఆలోచించిందేమీ కాదు. మెడ మీది తుపాకీ చూసింది, నోటికి వచ్చింది అనేసింది.

"నాది," అంది తనకొచ్చిన వంటింటి అరబ్బీలో. "మా దేశం నుంచి తెచ్చుకున్నాను. మా వాన దేవత. నేనే పాతమన్నాను, పాపం వాడికేమీ తెలియదు."

కెప్టెన్ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "దేవతను ఎవరైనా మట్టిలో పాతుతారా?"

"వాన కోసం పాతుతాం. గింజలు పోసి పాతుతాం."

"అయితే చూపించు. ఎట్లా పూజ చేస్తారో నా ముందు చెయ్యి. అబద్ధమైతే వాడితో పాటు నిన్నూ తీసుకుపోతాను."

సంజీవమ్మకు చిన్నప్పటి రోకలి గుర్తొచ్చింది. పార తీసుకుని దాని కామును, డోలు నడుము దగ్గర తాళ్ళు కట్టడానికి ఉన్న కంచు చెవుల్లోంచి దూర్చింది. "వాణ్ణి వదలండి, రెండో పక్క భుజం పట్టాలి," అంది. కెప్టెన్ తల ఊపాడు. అన్వర్ బాషా తూలుకుంటూ లేచాడు.

"ఏంజేస్తాండావక్కా?" అన్నాడు తెలుగులో.

"కప్పతల్లిని తిప్పుతాండాం. నోరు మూసుకొని ఎత్తుకో."

డోలు బరువుకు ఇద్దరి భుజాలూ కుంగాయి. సంజీవమ్మ బొడ్లో దోపుకున్న పప్పుగుత్తి తీసి, కొసకు కొంగు చుట్టి, సూర్యుడి బొమ్మ మీద ఒక దెబ్బ కొట్టింది. అన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నా దాని గొంతు ఆమె వినడం అదే మొదలు. లోతుగా, నేల కింద ఎవరో పలికినట్టు మోగింది. నవ్వుతున్న సైనికులు నవ్వాపారు. ఆమె పాట ఎత్తుకుంది. సగం మాటలు గుర్తులేవు, గుర్తున్నవే తిప్పి తిప్పి పాడింది. పెరడంతా ఒక చుట్టు తిరిగి మామా కుర్చీ ముందు ఆగారు.

"మామా, కప్పల మీద నీళ్ళు పొయ్యి," అంది సంజీవమ్మ.

ఎందుకో మామాకు అర్థం కాలేదు. కానీ ఆ గొంతులో ఉన్నది అర్థమైంది. పక్కనున్న కూజా తీసుకుని, నాలుగు కప్పల మీదా నీళ్ళు వంచింది. నీళ్ళు మట్టిని కడుగుతూ ఆమె తొడుక్కున్న నల్లటి అబాయా మీద కారాయి.

సైనికుల్లో మీసాలు నెరిసిన ఒకడు ఉన్నాడు, పిలిపించి బలవంతాన తుపాకీ ఇచ్చిన రైతులాగే ఉన్నాడు. అతను ముందుకు వచ్చి కెప్టెన్‌తో నెమ్మదిగా అన్నాడు: "సీదీ, మా పల్లెలోనూ ఉంది ఇది. కరువొస్తే మా అవ్వ కట్టెకు గుడ్డలు చుట్టి ఇంటింటికీ తిప్పేది. ఉమ్ముల్ ఘైస్ అంటాం, వానతల్లి. ఆడవాళ్ళు ఇట్లాగే నీళ్ళు పోస్తారు. ఇది అబద్ధం కాదు."

కెప్టెన్ కాసేపు కర్రతో బూటు తట్టుకుంటూ నిలబడ్డాడు. నమ్మాడో, విసుగొచ్చిందో, అంతమంది ముందు దేవత అన్నదాన్ని ముట్టుకోవడానికి మనసొప్పలేదో తెలియదు.

"నీదైతే నువ్వే మోసుకుపో. ఈ ఇల్లు మాకు కావాలి. రేపు నేను వచ్చేసరికి ఇందులో ఏముంటే అది మాది," అన్నాడు. తర్వాత మామా వైపు తిరిగి, "నువ్వు కూడా నీ వాళ్ళ దగ్గరికి వెళ్ళు," అన్నాడు. పోతూ పోతూ బియ్యంలో సగం, ఇంటి కారు తాళాలు తీసుకుపోయారు.

గేటు మూసుకోగానే అన్వర్ బాషా అక్కడే చతికిలబడి ఏడ్చాడు. సంజీవమ్మకు ఏడుపు రాలేదు. దప్పిక వేసింది, కూజాలో చుక్క మిగల్లేదు.

"నా వాళ్ళ దగ్గరికంట," అంది మామా. "నా వాళ్ళెవరున్నారు ఇక్కడ?"

కొడుకు లండన్‌లో. చెల్లెలు సరిహద్దు దాటి పోయింది. సంజీవమ్మ ఆమె అబాయా అంచు పిండుతూ, "రిగ్గైకి పోదాం మామా. మా వాళ్ళుండారు," అంది.

అన్వర్ బాషా చిన్నాయన కొడుకు ఖాజావలి రొట్టెల వ్యాను నడిపేవాడు. రొట్టెలు సైనికులకూ కావాలి కాబట్టి ఆ వ్యానును ఎక్కడా ఎక్కువసేపు ఆపేవాళ్ళు కాదు. మర్నాడు తెల్లవారగానే రొట్టెల అరల మధ్య డోలు, డోలు పక్కన మామా, ఆమెను పట్టుకుని సంజీవమ్మ. పుట్టి బుద్ధెరిగాక మామా వెనక తలుపు నుంచి బండి ఎక్కడం అదే మొదటిసారి. ఒక తనిఖీ దగ్గర తలుపు తెరిచిన సైనికుడు నాలుగు రొట్టెలు తీసుకుని, ముసలామెను చూసి సలాం పెట్టి తలుపు వేశాడు.

రిగ్గై పేటలో సంజీవమ్మకు తెలిసిన మస్తాన్ బీ గది రెండో అంతస్తులో ఉంది. ఆమె కడప నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసేది. యజమానులు పారిపోతే మిగిలిన పనివాళ్ళు ఇంకొందరు అక్కడే చేరారు. ఉన్న ఒక్క మంచం మామాకు ఇచ్చి మిగతావాళ్ళు నేల మీద పడుకున్నారు. డోలును మూలన తలకిందులుగా పెట్టి, మిగిలిన బియ్యం అందులోనే పోశారు. ఎలుకలు ముట్టుకోలేదు. అది చూసి మస్తాన్ బీ, "ఎంత పెద్దోడు చేయించినాడో గానీ బియ్యానికి శానా బాగుంది," అని మెచ్చుకుంది.

మొదట్లో మామా గోడ వైపు తిరిగి కూర్చునేది. కారం తినలేక రొట్టె, టీతోనే గడిపేది. సిగ్గంతా బాత్రూం దగ్గరే వచ్చింది. గది బయట వరండాలో అందరికీ ఒకటే, పోవాలంటే ఆమెను ఒకరు పట్టుకోవాలి. ఆ ఒకరు సంజీవమ్మ. నెల తిరిగేసరికి మామా వెల్లుల్లి ఒలవడానికి దిగింది. "నీళ్ళు", "చాలు" నేర్చుకుంది. మస్తాన్ బీ తిట్లు కూడా కొన్ని నేర్చుకుంది గానీ, ఏది తిట్టో ఏది కాదో తెలియక అన్నిటినీ మర్యాదగానే వాడేది.

ఇంతలో ఇండియా వాళ్ళు పోవడానికి దారి తెరుచుకుంది. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడినుంచి అమ్మాన్, ఆపైన విమానం. బస్సులు బయల్దేరుతున్నాయి. అన్వర్ బాషా రెండు సీట్లకు పేర్లిచ్చి వచ్చాడు.

"పా అక్కా. మళ్ళీ ఈ దోవ ఉంటాదో ఉండదో. బాంబులేస్తారంటాండారు."

మామా విషయం అర్థం చేసుకుంది. "పో సంజీ. నీకు బిడ్డ ఉంది. మస్తాన్ బీ నన్ను చూసుకుంటుంది," అంది.

మస్తాన్ బీ నడుం నొప్పి మనిషి, తన బకెట్టే తాను ఎత్తుకోలేదు. సంజీవమ్మ ఆ రోజంతా బట్టలు మూటగట్టింది, విప్పింది. తన మీద తనకు కోపం, మామా మీద కోపం, అందరికంటే ఎక్కువ ఆ లండన్‌లో కూర్చున్న కొడుకు మీద కోపం. బస్సు దగ్గరికి వెళ్ళి అన్వర్ బాషా చేతిలో తన సన్న గొలుసు పెట్టింది.

"ఇది వెంకటేశ్వరికి ఇయ్యి. బతికే ఉండానని చెప్పు."

"ఆమె నీకేమైతాదక్కా, ప్రాణాలు తాకట్టు పెట్టి ఉంటావు?"

"ఏమీ కాదు. పొద్దన్నే ఆమెను ఎవురు లేపుతారో నువ్వు చెప్పు, ఎక్కి కూచ్చుంటా."

అతను గొలుసు జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. బస్సు కదిలాక సంజీవమ్మ చాలాసేపు రోడ్డు పక్కనే నిలబడింది. వెనక్కి వచ్చి మామా కాళ్ళకు నూనె రాసింది. మామా ఆమె తల మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచింది.

జనవరిలో బాంబులు పడటం మొదలైంది. దూరంగా పేలినప్పుడల్లా అద్దాలతో పాటు డోలు కూడా మూలన హుమ్మని మూలిగేది. మస్తాన్ బీ భయపడి దానికి బొంత చుట్టింది. ఫిబ్రవరి ఆఖర్లో కరెంటు పోయింది, నీళ్ళు పోయాయి. నూనె బావులు తగలబెట్టారు. మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకోవాల్సినంత పొగ. డోలులో బియ్యం అడుగంటుతున్నాయి. గంజి కాచి మామాకు, మస్తాన్ బీకి ముందు పోసి, మిగిలితే సంజీవమ్మ తాగేది. ఆ రోజుల్లో తను తిన్నానో లేదో తర్వాత ఎవరడిగినా ఆమెకు గుర్తు రాలేదు.

ఒక పొద్దున వీధిలో కార్ల హారన్లు, కేకలు. సద్దాం సైన్యం వెళ్ళిపోయిందని ఖాజావలి మెట్ల మీదినుంచే అరుస్తూ వచ్చాడు. మస్తాన్ బీ ఏడుస్తూ అందరినీ కావలించుకుంది.

ఫైసల్ కొన్ని వారాల తర్వాత వచ్చాడు. సాల్మియా ఇల్లు చూసుకుని వచ్చాడు. కొళాయిలు, తలుపులు, స్విచ్చులు కూడా లేవట. తల్లి బతికుందన్న నమ్మకమూ అతనికి లేదు, ఖాజావలి వెతికి పట్టుకుని తీసుకొచ్చాడు. గది గుమ్మంలో నిలబడి లోపల ఉన్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూశాడు. మస్తాన్ బీది పూల నైటీ ఒకటి వేసుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, నేల మీద కాళ్ళు చాపి వెల్లుల్లి ఒలుస్తున్న ముసలామెను దాటి పోయాయి అతని కళ్ళు.

"మా అమ్మ ఎక్కడ?" అన్నాడు.

"బూట్లు బయట విప్పు," అంది ఆ ముసలామె. "సంజీ ఇప్పుడే ఊడ్చింది."

ఫైసల్ అక్కడే కూలబడ్డాడు. తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని పసివాడిలా వెక్కాడు. ఆమె వెల్లుల్లి చేతులు అతని చొక్కాకు అంటకుండా పైకెత్తి పెట్టుకుంది, కాసేపటికి అది మరిచిపోయి వాటితోనే నిమిరింది. ఆడవాళ్ళంతా వరండాలోకి వెళ్ళిపోయారు. సంజీవమ్మ ఒక్కతే ఎటు పోవాలో తోచక మూలన నిలబడింది.

కన్నీళ్ళు తుడుచుకున్నాక అతను సంజీవమ్మను చూశాడు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ అతన్ని ఏమేమి అడగాలో మనసులో కూర్చుకుని పెట్టుకుంది సంజీవమ్మ. తీరా అడిగింది ఒక్కటే: "మా ఊరికి ఫోను చేయొచ్చా?"

ఆ సాయంత్రమే అతను ఆమెను శాటిలైట్ ఫోన్ ఉన్న చోటికి తీసుకుపోయాడు. లక్కిరెడ్డిపల్లె పోస్టాఫీసుకు లైను కలవడానికి చాలాసేపు పట్టింది. మర్నాడు అదే వేళకు బిడ్డను పిలిపిస్తామన్నారు. మర్నాడు వెంకటేశ్వరి గొంతు వినపడగానే, గొలుసు అందిందా లేదా అని తప్ప ఆమె ఏమీ అడగలేకపోయింది.

"అందింది మా," అంది ఆ పిల్ల. "మెడలోనే ఉండాది. నువ్వెప్పుడొస్తాండావు?"

"వచ్చే నెల్లో," అంది సంజీవమ్మ. అట్లాగే వెళ్ళింది. ఫైసల్ దగ్గరుండి విమానం ఎక్కించాడు.

అంతకు ముందు, రిగ్గై గది ఖాళీ చేసిన రోజు, మామా కారులో కూర్చోవడానికి ఒప్పుకోలేదు, ముందు డోలు ఎక్కించమంది. సంజీవమ్మ అడుగున ఉన్న బియ్యాన్ని చేటలోకి దులిపి మస్తాన్ బీకి ఇచ్చింది. తడిగుడ్డతో కప్పలను, కొంగలను, పడవలను తుడిచింది. ఫైసల్ మెట్ల మీద డోలును రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు.

"బరువుండాది, నెమ్మదిగా," అంటూ ఆమె ముందు దిగి, అతనికి మెట్లు కనిపించేలా పక్కకు జరిగింది.